పేరున్న గిన్నె

మా గోడ ఒక మనిషిని మింగిందని ఎదురింటి పిచ్చమ్మ పిన్ని కుళాయి దగ్గర చెప్పిందట. "నమలను కూడా లేదంటమ్మా, గుటుక్కున మింగిందంట," అంటోంది పున్నమ్మ పాలు పోస్తూ. నేను కాదనను. మింగినచోట సున్నం ఇంకా తడిగానే ఉంది.

ఆ మనిషి మూతపెట్టిన స్టీలు గిన్నెతో వచ్చి గోడకు ఆనుకున్నాడు. గిన్నె మీద మా ఆయన పేరు కొట్టించి ఉంది: పమిడి నాంచారయ్య. మా గోడకు కళ్లు లేవు. గిన్నెల మీది అక్షరాలు తడిమి మనవాళ్లెవరో తెలుసుకుంటుంది. తడిమింది, లోపలికి సొట్టపడింది, ఆ సొట్ట సంచిలా మూతి బిగించుకుంది. ఇప్పుడతను మా నడవలో, గోడతోనే అయిన సంచిగదిలో, ఒళ్లో గిన్నె పెట్టుకుని కూర్చున్నాడు.

"అది మన గిన్నె కాదండీ," అంటాను మా ఆయనతో.

"పేరు మనదేగా."

"మూత తీసి చూడాల్సింది."

"గుమ్మంలోనే మూత తీస్తే ఏమనుకుంటారే?"

నిజమే. మా వీధిలో గిన్నె ఉత్తగా తిరిగి రాదు. అందులో ఏం పెట్టారో వంటింట్లోకి వెళ్లాకే చూడాలి.

బయటిది ఏదొచ్చినా మా ఇల్లు పులుపులో వేస్తుంది. సంచిగది గోడలకు చింతపండు పులుసు ఊరుతోంది. అతని చొక్కా కరుగుతోంది, తరువాత వేళ్లు. "ఇంకా పుల్లగా కానివ్వు, వీడు మిగలడు," అంటాడు మా ఆయన ఇంటితో. ఇల్లు వింటుంది. ఆ పులుపుకే, బిగుసుకుపోయిన గిన్నె మూత వదులవుతుంది.

గిన్నెలో కూర లేదు. పోయిన మా అత్తగారి గొంతు ఉంది. అది సంచికి చిల్లి పెట్టుకుని వంటింట్లోకి నడిచి, ఏం వండాలో పొయ్యికి చెబుతుంది. ఆ గొంతుకు ఆ పొయ్యి ఏనాడూ ఎదురు చెప్పలేదు.

బియ్యం డబ్బా ఖాళీ అవుతుంది. తలుపు గడియలు, మంచం నవారు కూడా పొయ్యిలోకి పోతాయి, అవీ చాలవు. పొయ్యిలోంచి మనుషులు దిగుతున్నారు. తలా ఒక గిన్నె, ప్రతి గిన్నె మీదా మా ఆయన పేరే. ఒకడికి ఆయన బొటనవేలు ఉంది. ఇంకొకడు ఆయన దగ్గు దగ్గుతున్నాడు. కుర్చీలో ఆయన పలచబడుతున్నాడు. వెనక గోడ మీది క్యాలెండరు ఆయనలోంచి కనిపిస్తోంది.

"ఆపమనండి."

"అమ్మ అడుగుతోంది కదే," అంటాడు. ఆ తరువాత కుర్చీ ఒక్కటే ఉంది.

ఆఖరువాడికి ఆయన మొహం వచ్చింది. నన్ను చూసి, దారిలో ఎవరో పరాయి ఆడమనిషి ఎదురైనట్టు, మర్యాదగా పక్కకు తప్పుకుంటాడు. వాళ్లు మా గోడలోంచి తలా ఒక పేలిక చించి శాలువాలా కప్పుకుని వీధి దాటుతున్నారు. పిచ్చమ్మ పిన్ని గోడకు మా గిన్నె కొత్త కాదు. ఎన్నిసార్లు పప్పు పంపానో. అది ఒక్కొక్కరినీ తడుముతోంది, సొట్టపడుతోంది, మూతి బిగించుకుంటోంది.

నేను పరిగెత్తి ఆ గోడకు ఆనుకుంటాను. అది నా అరచేతులు తడుముతుంది. వాటి మీద ఏ పేరూ లేదు. సున్నం కింద ఆయన దగ్గు ఒకేసారి అన్ని మూలలా వినిపిస్తోంది. గోడ చల్లగా, గట్టిగా, గోడలాగే ఉంది.

"పిన్నీ, పులుపు పట్టనివ్వకు. ఆయన లోపలున్నాడు. నన్ను రానీ. నేనే, నాంచారయ్య పెళ్లాన్ని."

గోడ అవతలి నుంచి పిన్ని అంటుంది: "ఉత్త చేతులతో వచ్చి నాంచారయ్య పెళ్లాన్నంటే ఎట్టా నమ్మేది? గిన్నేదీ?"