బెన్నీ లేని పండగ

గుంతకల్లు రైల్వే కాలనీలో గార్డు పెన్కర్ భార్య పేరు లేయా. ఆ పేరుకు నోరు తిరగక క్వార్టర్ల లైనులో అందరూ ఆమెను లీలక్కను చేసేశారు. ఊరు మొత్తానికీ యూదుల ఇల్లు అదొక్కటే. బొంబాయి దగ్గర పన్వేల్‌లో పుట్టిన మనిషి, పెళ్లయి వచ్చాక పక్కింటి ఓబమ్మ దగ్గర తెలుగు నేర్చుకుంది. నేర్పింది ఓబమ్మ కాబట్టి ఆ తెలుగులో మొహమాటం ఉండేది కాదు.

ఏటా వేసవిలో ఒక సాయంత్రం ఆ ఇంట్లో పండగ జరిగేది. ఇజ్రాయెల్‌కు స్వాతంత్ర్యం వచ్చిన రోజు. బొంబాయిలో అయితే ఆ పూట వాళ్ల ప్రార్థనా మందిరం కిటకిటలాడుతుంది. పాటలు, ఆటలు, పిల్లల చేతుల్లో నీలం తెలుపు కాగితం జెండాలు. అందరూ కలిసి ప్రార్థన చేయాలంటే పదిమంది యూదు మగవాళ్లుండాలని వాళ్ల నియమం. గుంతకల్లులో ఉన్నది పెన్కర్ ఒక్కడే. అందుకని టోపీ పెట్టుకుని, ఓ మూల నిలబడి, కీర్తనలు తనలో తాను చదువుకునేవాడు. లేయా నీలం అంచు తెల్లచీర కట్టి మలీదా కలిపేది. నానబెట్టిన అటుకుల్లో కొబ్బరి, చక్కెర, యాలకుల పొడి, పైన పండ్ల ముక్కలు. లైనంతా పంచేది.

మొదటి ఏడాదే ఓబమ్మ అడిగేసింది.

"మనకు ఆగస్టు పదైదు ఉండాది కదక్కా, మళ్లా ఇదేంది?"

"అదీ నాదే. ఇది మా పెద్దల దేశానిది."

"ఓహో, పుట్టినింటి పండగొకటి, మెట్టినింటి పండగొకటి. రెండూ తిందాం పా."

ఏది పుట్టిల్లో, ఏది మెట్టినిల్లో లేయాకు ఎప్పటికీ తేలలేదు.

డెబ్బై నాలుగులో మాత్రం పండగ దగ్గర పడేకొద్దీ ఆమెకు అన్నం సయించలేదు. "ఈ ఏడు వద్దు" అంది భర్తతో. ఆయన సరేనన్నాడు. ఎందుకని అడగాల్సిన పని లేదు. ముందటి అక్టోబరు యుద్ధంలో ఆమె తమ్ముడు బెన్నీ చనిపోయాడు, ఇజ్రాయెల్‌లో స్థిరపడిన కొన్నేళ్లకే. బొంబాయి నుంచి తంతి రాగానే మొగుడూ పెళ్లాం తలుపు వేసుకుని, వాళ్ల మైల ఆచారం ప్రకారం వారం పాటు నేల మీద కూర్చున్నారు. బయటికొచ్చాక ఒంట్లో బాగాలేదని చెప్పింది లేయా. భర్త దగ్గర మరాఠీలో ఏడ్చింది కానీ, ఆ మాట తెలుగులో నోరు దాటలేదు. దేశం వదిలే ముందు బెన్నీ నెలరోజులు ఇక్కడే ఉన్నాడు. ఓబమ్మ చేతి సంగటి తిన్నాడు, ఆమె మొగుడు మద్దిలేటి వెంట లోకో షెడ్డుకు పోయి మసిమొహంతో తిరిగొచ్చాడు. అలాంటి పిల్లవాడి గురించి వీళ్లకు ఏమని చెప్పడం?

వాళ్ల లెక్కలో పండగ పొద్దుగూకాక మొదలవుతుంది. దానికి ముందటి పగలు, యుద్ధాల్లో పోయినవాళ్లను తలుచుకునే రోజు. ఆ పొద్దున లేయా బెన్నీ ఫొటో ముందు దీపం పెట్టింది. కొళాయిలో నీళ్లొచ్చాయని చెప్పడానికి వచ్చిన ఓబమ్మ, ఖాళీ బిందెతో గడపలోనే ఆగిపోయింది.

"పట్టపగలు ఈ దీపమేందక్కా? మా బెన్నికేమన్నా అయ్యిందా?"

మా బెన్ని అనేసరికి లేయాకు ఇక దుఃఖం ఆగలేదు.

"పోయినాడే ఓబమ్మా. దసరా అయినంక, ఆడ జరిగిన యుద్ధంలో."

ఓబమ్మ గోడకు చేరగిలబడి గట్టిగా ఏడ్చింది. ఏడుపు తగ్గాక కోపం వచ్చింది.

"ఇన్ని నెల్లు నాకు చెప్పకుండా ఎట్ల ఉండావు? మొన్న గూడా అడిగితినే, ఎప్పుడొస్తాడని! వస్తాడులే అంటివి!"

"చెప్తే నిజమైపోతాదని..."

ఈసారి పండగ చేయనని లేయా చెప్పింది. పగలంతా పోయినవాళ్ల దినం, పొద్దుగూకితే పండగ. అలా మారడం తన వల్ల కాదంది.

"మాకేమన్నా వేరేనా?" అంది ఓబమ్మ. "పెద్దల అమాస నాడు పోయినోళ్లకు పెట్టుకుంటాం. తెల్లారితే దసరా మొదులు. మా నాయన పోయిన ఏడు నేను దసరా వద్దంటి. మా యమ్మ ఎంత తిట్టిందో! పోయినోళ్లు వచ్చేది మన ఏడుపు చూసేకి కాదంట. నువ్వు పొయ్యి వెలిగించకపోతే, మా బెన్ని ఏం చూసి పోవల్ల?"

ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఓబమ్మ వెళ్లిపోయింది.

పొద్దుగూకే వేళకు ఓబమ్మ మళ్లీ వచ్చింది. వెనకాల మద్దిలేటి, లైనులోకి కొత్తగా వచ్చిన చౌడమ్మ. చేటలో టెంకాయ, బెల్లం, అరటిపండ్లు, ఓ కర్బూజ, ఇన్ని బొరుగులు.

"అటుకులు అంగట్లో దొరకల. బొరుగులు తెచ్చినా."

"బొరుగులతో మలీదానా?"

"పొద్దున ఉగ్గాని చేసేకి నానేటివి దీనికి నానవా?"

లేయాకు నవ్వొచ్చింది. బెన్నీ పోయాక ఆమె నవ్వడం అదే మొదలు. తనకే ఆశ్చర్యమేసి, చేట అందుకుని లోపలికి పోయింది.

పెన్కర్ డ్యూటీ దిగి వచ్చేసరికి భార్య నీలం అంచు చీరలో టెంకాయ కోరుతోంది. ఆయన ఒక్కక్షణం గుమ్మంలో నిలబడి చూసి, కాళ్లు చేతులు కడుక్కుని టోపీ పెట్టుకున్నాడు. అది చూసి మద్దిలేటి కూడా భుజం మీది తువ్వాలు తల మీద వేసుకుని ఆయన పక్కన నిలబడ్డాడు. నియమం ప్రకారం మద్దిలేటి లెక్కలోకి రాడని పెన్కర్‌కు తెలుసు. అయినా ఆ సాయంత్రం కీర్తనలు గొంతెత్తి చదివాడు.

మలీదా కాస్త ముద్దయింది. ఓబమ్మ మొదటి గిన్నె తీసుకుపోయి ఫొటో ముందు పెట్టింది. యూదుల్లో ఆ ఆచారం లేదు. లేయా భర్త వైపు చూసింది. ఆయన 'ఉండనీ' అన్నట్టు తలూపాడు.

"ఎవరక్కా ఈ పిల్లోడు?" అంది చౌడమ్మ.

"మా తమ్ముడు," అంది లేయా. "పన్వేల్‌లో ఒకసారి చింతచెట్టెక్కి, దిగలేక..."

"ఆ కథ ఉండనీ," అని ఓబమ్మ అడ్డం వచ్చింది. "మా ఇంట్లో సంగటి ముద్దను చాకుతో కోయబోయినాడు చూడు, అది చెప్పు ముందు."

లేయా కళ్లు తుడుచుకుని, కొంగు బిగించుకుని, అది మొదలుపెట్టింది.