ఖాళీ గుంటకు మేత

లారీ మిట్టమధ్యాహ్నం వచ్చింది. గాలి నింపి కట్టిన ప్లాస్టిక్ సంచుల్లో చేపపిల్లలు ఎండకు ఉడికిపోతున్నాయి. సంచిని కట్టు విప్పకుండా కాసేపు గుంట నీళ్లలో తేలనిచ్చి, లోపలి వేడి చల్లారాకే పిల్లల్ని వదలాలి. చేపల సంగతి తెలిసిన ఎవరినడిగినా చెబుతారు. మహిపాల్ మనుషులు మాత్రం కొడవళ్లతో సంచులు కోసి గట్టు మీది నుంచే గుమ్మరించారు.

"జెరసేపు నాననియ్యండిరా! అవి పానం ఉన్నయిరా!" అని ముత్తవ్వ అరిచింది.

చేపల పెంపకానికి సర్కారు ఇచ్చే గ్రాంటు కింద పిల్లల్ని సరఫరా చేసే కాంట్రాక్టరు మహిపాల్. "ముందుగాల సంతకం పెట్టుండ్రి. లేకుంటే లారీ ఎన్కకు పోతది. దానెంట మీ గ్రాంటు గూడ పోతది," అన్నాడు. ముత్తవ్వ మొగుడు గంగయ్య ఆమె చెయ్యి పట్టి ఆపాడు. పిల్లలన్నీ ప్రాణాలతో అందాయని రాసి ఉన్న కాగితం మీద తలవంచి సంతకం చేశాడు.

బాన్సువాడ నుంచి కోటగిరి పోయే దారిలో, కాలువ చివర ఉన్న ఆ ఊళ్లో పదకొండు ఇళ్లకు ఆ గ్రాంటు వచ్చింది. పదకొండూ కూలి బతుకులే. మొదటి కిస్తుతో ఎవరికున్న అరెకరంలో వాళ్లు గుంట తవ్వుకున్నారు. పెంపకం బాగుందని మత్స్యశాఖ ఆఫీసరు రాస్తే రెండో కిస్తు వస్తుంది. ఒకరి మడిలో వంగి నాట్లేసిన నడుములు ఇక నిటారుగా నిలుస్తాయని ఆశపడ్డారు. పేదోడి ఆశ మీద కూడా బేరం చేసుకునే వాళ్లున్నారని అప్పటికి వాళ్లకు తెలియదు.

మర్నాడు తెల్లారేసరికి గుంట నిండా చచ్చిన పిల్లలు తేలాయి. గంగయ్య గుండె బాదుకోలేదు, ఎవర్నీ పిలవలేదు. గబగబా జల్లెడతో ఎత్తి, యూరియా సంచిలో కుక్కి, గట్టు కింద పూడ్చేశాడు.

"ఎవ్వలకు చెప్పకు," అన్నాడు పెళ్లాంతో. "సావుగుంట అని పేరు పడితే ఏ బేరగాడు మన మొకం సూడడు."

చేపలోళ్లకు ఉన్న భయమే అది. చావు సోకిన గుంటలో చేప కొనకూడదని బేరగాళ్ల పట్టింపు. అందుకే గుట్టు గట్టు కిందికి పోయింది. పక్క గుంట సాయన్న చూస్తాడని గంగయ్య రోజూ పొద్దున్నే తౌడు, పల్లిచెక్క కలిపి ఖాళీ గుంటలో చల్లేవాడు. అవతల సాయన్న కూడా చల్లుతూ కనిపించేవాడు. "సాయన్నకు మంచిగ వస్తున్నట్టున్నయి," అని గంగయ్య కుళ్లుకోకుండానే అనేవాడు. ఇంట్లో గంజికి లేని తౌడు మూడు వారాలు ఉత్త నీళ్లు తాగాయి.

తర్వాత ఆఫీసరు మహిపాల్‌ను వెంటబెట్టుకుని వచ్చి, ఒక్కో గుంటలో ఆ ఇంటివాళ్ల ముందే వల వేయించాడు. ఏ గుంటలోనూ ఏమీ పడలేదు. పదకొండు గుంటలూ ఖాళీయే.

"సచ్చినయి సారూ," అన్నాడు గంగయ్య అప్పుడు, పక్కవాళ్లకు వినపడకుండా.

"సచ్చినయా? శవాలేవి?" అని నవ్వాడు మహిపాల్. "సారూ, పిల్లలను పక్క జిల్లాల అమ్ముకున్నరు. దొంగలు."

పూడ్చిన చోటు చూపిస్తే సావుగుంటని ఊరంతా పాకుతుందని గంగయ్య అక్కడే ఆగిపోయాడు. ఆఫీసరు అదే రాసుకున్నాడు. ఆ మాట గంగయ్య చెవిలో ములుకులా దిగింది. జ్వరం ఒంటితో, ముసురులో, వల తీసుకుని మెడలోతు నీళ్లలో దిగాడు. "ఒక్కటన్న ఉంటది ముత్తీ, ఒక్కటి సూపెడితే సాలు," అన్నాడు. ముత్తవ్వ గట్టు మీద నిలబడి రమ్మని ఏడ్చింది. నాలుగో సారి వల విసిరినవాడు మళ్లీ లేవలేదు. బాన్సువాడ దవాఖానకు చేర్చేలోపే ఒళ్లు చల్లబడింది.

మూడో దినం పిట్టకు పిండం పెట్టి వచ్చాక జనం వాకిట్లో కూర్చున్నారు. కొంగు నోట్లో కుక్కుకుని ఉన్న ముత్తవ్వ లేచింది.

"మా పిల్లలు ఏసిన తెల్లారే సచ్చినయి. మేమే పూడ్చినం. ఖాళీ గుంటకు మేతేసినం, మిమ్ములను మోసం జేసినం. ఇగ దాచలేను."

సాయన్న మోకాళ్ల మధ్య తల పెట్టుకుని, "మావి గూడ సచ్చినయి వదినె," అన్నాడు. అవతలి నుంచి ఇంకొకరు, ఇంకొకరు. పదకొండు ఇళ్లవీ చచ్చాయి. పదకొండు ఇళ్లూ పక్కింటికి తెలియకుండా పూడ్చుకున్నాయి. ఆ ఒక్క మాట మూడు వారాల ముందు ఎవరి నోటి నుంచి ఊడిపడినా గంగయ్య బతికి ఉండేవాడు. అది తలచుకుని ముత్తవ్వ నేల మీద కూలబడి ఏడ్చింది.

సాయన్న బిడ్డ అంబిక బాన్సువాడలో డిగ్రీ చదువుతోంది. "శవాలేవి అన్నడు గదా. తవ్వుదాం పెద్దమ్మా," అంది.

"తవ్వితే రేపు మన చేపెవ్వడు కొంటడు?" అన్నాడు సాయన్న.

"కొనకుంటే కొనకపోనియ్యి! సిగ్గు దాసుకుంటే నా మొగడు పోయిండు. ఇంకెవ్వలు పోవాలె?"

గడ్డపారలు లేచాయి. అంబిక బస్సెక్కి పిట్లం, డోంగ్లి దాకా తిరిగి, మహిపాల్ పిల్లలు పోసిన గ్రాంటు గుంటల వాళ్లకు కబురు చెప్పి వచ్చింది. విన్నవాళ్లు విని తలుపులు వేసుకున్నారంది.

మర్నాడు పదకొండు సంచులు ట్రాక్టరెక్కి బాన్సువాడ ఆఫీసు ముందు దిగాయి. కంపుకు ఆఫీసరు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అక్కడే ఉన్న మహిపాల్ ముత్తవ్వను పక్కకు పిలిచాడు.

"అవ్వా, గంగన్న మంచోడు. నీ ఒక్కదాని పిల్లలు రోగమొచ్చి సచ్చినయని రాపిస్త. ఆయన పేరు మీద మచ్చ పోతది, నీకు రెండో కిస్తు వస్తది. మిగిలినోళ్లతోని నీకేం పని?"

మొగుడి పేరు మీద మచ్చ పోవడం కన్నా ఆమెకు కావలసిందేముంది? సాయన్న వైపు చూసింది. అతను కళ్లు దించుకున్నాడు, తీసుకుంటే తప్పు పట్టనన్నట్టు.

"నా మొగన్ని మంచోన్ని జేసి పదిమందిని దొంగలను జేస్తవా? గాయన పైకెళ్లి సూస్తే నాకు మొకమేడుంటది?" అంది. ముడి తెంపి సంచిని ఆఫీసరు గడప మీద బోర్లించింది. చీపురుపుల్లల్లాంటి ముళ్లు, మన్ను, పొలుసులు. వెనక పది సంచులు ఒక్కసారే బోర్లపడ్డాయి. "రాయి సారూ! సచ్చినయని రాయి! సంపినోని పేరు గూడ రాయి!"

పోలీసులు వచ్చారు. మగా ఆడా అందరినీ వ్యానులోకి తోశారు. సాయన్న దవడ మీద లాఠీ దిగింది. అంబిక తండ్రి రక్తం తుడుస్తూనే, పేరు రాయమన్న నినాదం ఆపలేదు.

వ్యాను గేటు దాటబోయి ఆగింది. ఎదురుగా ముప్పై నలభై మంది, తలల మీద మన్ను కారుతున్న సంచులు. పిట్లం వాళ్లు, మహారాష్ట్ర సరిహద్దు డోంగ్లి వాళ్లు. ముందున్నామె సగం మరాఠీలో, సగం తెలుగులో పోలీసులతో ఏదో కొట్లాడి, తిన్నగా వ్యాను వెనక్కి వచ్చింది. ముత్తవ్వ ఆమెను ఎన్నడూ చూడలేదు.

"మావి గూడ అట్లనే సచ్చినయి అక్కా," అంది ఆమె ఏడుస్తూ. "మేము గూడ పూడ్చుకున్నం. బండ్ల జాగ ఉన్నదా?"

ముత్తవ్వ జరిగి చోటిచ్చి చెయ్యి అందించింది. ఆమె ఎక్కి, కొంగుతో ముఖం తుడుచుకుని, "ఠాణాల ఏమని చెప్పాలె?" అని భయంగా అడిగింది.

"జరిగింది జరిగినట్టు చెప్పు చెల్లె," అంది ముత్తవ్వ. "ఏం దాయకు."