తడి అడవి వాసన

ఫ్రాన్స్‌లో సోమ్యూర్ అనే ఊళ్లో ఏ కాలానికి ఏం తాగాలో మిరేయ్ చెబుతుంది. నోటితో కాదు, అట్టముక్క మీద. ఆమె వైన్ దుకాణం తలుపు తీయగానే కుడిచేతివైపు ఒక చిన్న బల్ల కనిపిస్తుంది. ఏడాదికి నాలుగుసార్లు ఆ బల్ల మీద సీసాలు మారతాయి, వాటి మెడలో అట్టముక్క మారుతుంది. వసంతంలో ఆస్పరాగస్ కాడల్లోకి ఏది బాగుంటుందో, చలికాలం ఆల్చిప్పల పక్కన ఏది ఉండాలో ఆ అట్ట మీద చక్కటి గుండ్రటి చేతిరాతలో ఉంటుంది. ఊరు ఊరంతా అది చదివి, దాని ప్రకారమే నాలుకలు సవరించుకుంటుంది. ఒక ఏడాది ఆమె వసంతం అట్ట తీయడం మరిచిపోయి జూలై దాకా అలాగే ఉంచేసింది. ఇంకేం, తోటల్లో ఆస్పరాగస్ అయిపోయినా సరే, మదామ్ కొర్దియే డబ్బాలో ఊరినవి కొనుక్కుని మరీ ఆ వైన్‌తో తిన్నది. ఆవిడ భర్త పళ్ల డాక్టరు. ఆయనకి ఆ రోజు కడుపులో తిప్పిందట, అది వేరే సంగతి.

శరత్కాలంలో మాత్రం ఇరవై రెండేళ్లుగా ఆ బల్ల ఒక్కడిదే. ఒనొరే రెతయో అని, ఊరికి ఆరు కిలోమీటర్ల అవతల కొండని తొలిచిన గుహలో వైన్ చేసే ముసలాయన. మిరేయ్ తండ్రికి ప్రాణస్నేహితుడు. తండ్రి పోయాక ఆమె దుకాణం పెడతానంటే, ఆడపిల్ల వైన్ ఏం అమ్ముతుందని చుట్టుపక్కల రైతులు పెదవి విరిచారు. ఒనొరే ఒక్కడే పెదవి విరవలేదు. ట్రాక్టరు మీద పన్నెండు పెట్టెలు తెచ్చి దుకాణంలో దించి, "కూర్చో అమ్మాయ్, ముందు వాసన చూడ్డం నేర్చుకో" అన్నాడు. ఈ రోజు ఊళ్లో అందరికీ ఆమె పాఠాలు చెబుతోందంటే, ఆ పాఠాలు ఆయన పెట్టినవే.

అలాంటి మనిషి మొన్న మే నెలలో, వైన్‌ని పీపాల్లోంచి సీసాల్లోకి నింపిన వారానికే, మొదటి సీసా పట్టుకుని వచ్చాడు. మిరేయ్ గ్లాసులో పోసి ముక్కు పెట్టింది. గుర్రాలశాల! చెమట పట్టిన జీను, తడిసిన గడ్డి, ఆ గడ్డి కింద ఉండేది కూడా. పీపా చెక్కలో ఒక రకం చెడ్డ ఈస్ట్ చేరిందంటే ఇంతే, పండు వాసనంతా తినేసి తన వాసన పెడుతుంది. తాగితే ఎవరూ చచ్చిపోరు, కానీ అందులో ద్రాక్ష ఉందని ఎవరూ కనిపెట్టలేరు.

ఆయనకి అది తెలియలేదు. తెలియకపోవడంలో వింతేమీ లేదు. యాభై ఏళ్లు ఒకే గుహలో గాలి పీల్చినవాడికి ఆ గాలి వాసన ఎక్కడ తెలుస్తుంది? వైన్ చేసేవాళ్లలో పదిమందికి తొమ్మిదిమందికి ఉండే జబ్బే ఇది. పక్కవాడి గుహలో ఎలక చచ్చిందని గుమ్మంలోంచే చెబుతారు, తమ గుహ మాత్రం గులాబీతోట.

"ఎలా ఉందే?" అన్నాడు. టోపీ తీసి రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

ఆ టోపీయే కొంప ముంచింది. మిరేయ్ "అడవిలా ఉంది, బాబాయ్" అనేసింది.

"అడవా?"

"వాన వెలిసిన అడవి."

ముసలాయన మొహం వెలిగిపోయింది. యాభై ఏళ్లలో ఆయన వైన్‌ని ఎవరూ అడవి అనలేదు మరి.

ఒక అబద్ధానికి అట్టముక్క తోడైతే ఏమవుతుందో సెప్టెంబరులో తెలిసింది. మొహమాటానికి పోయి, "శరత్కాలానికి: వాన వెలిసిన అడవి, తడి ఆకులు, పాత తోలు. పుట్టగొడుగుల కూరతో" అని రాసి బల్ల మీద పెట్టింది. నాలుగు సీసాలు పోతే గొప్ప అనుకుంది. ఊరు విరగబడింది! ఇరవై రెండేళ్లలో ఒనొరే వైన్ ఇంత బాగా ఎప్పుడూ అమ్ముడవలేదు. మంచి వైన్ చేసినన్నాళ్లూ "బాగుందండీ" అని ఊరుకున్నవాళ్లు, ఇప్పుడు కళ్లు మూసుకుని, "ఆహా, అడవి!" అంటున్నారు. మిరేయ్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చాలావరకు ఏడుపే వచ్చింది.

అక్టోబరు చివర మంగళవారం ఒనొరే ఫోన్ చేశాడు. "పదేళ్లలో ఇలాంటి పంట చూడలేదే అమ్మాయ్. తొట్టిలో ఉంది, నల్లగా, నిగనిగలాడుతూ. శనివారం పీపాల్లోకి దించుతున్నా. ఆ పన్నెండు పీపాలే. నీ అడవి పీపాలు!" అని పకపకా నవ్వాడు.

ఆ పీపాల్లో పోస్తే పదేళ్లకొక్కసారి వచ్చిన పంట కాస్తా పేడ పాలవుతుంది. శనివారం లోపల చెప్పాలి. ఆ సాయంత్రం మూడుసార్లు ఫోన్ ఎత్తింది. మొదటిసారి మీ మోకాలు ఎలా ఉందని అడిగింది. రెండోసారి చలి పెరిగిందంది. మూడోసారి ఆయనే, "నీకేమైనా జబ్బు చేసిందా?" అని అడిగాడు.

అప్పుడు తట్టింది ఉపాయం. గురువారం సాయంత్రాలు ఆమె దుకాణంలో రుచి చూసే పాఠాలు జరుగుతాయి, ఎనిమిదిమంది వస్తారు. ఈ వారం పాఠం మేజోళ్లది: సీసాలకి ఉన్ని మేజోళ్లు తొడిగి, పేరు కనపడకుండా పోసి, ముక్కుతోనే కనిపెట్టమనడం. ఆయన్ని కూడా పిలుద్దాం. తన గుహ గాలికి దూరంగా, శుభ్రమైన గ్లాసులో, వేరేవాళ్ల వైన్‌ల మధ్య పెడితే ఆ ముక్కుకి తెలియకపోతుందా? తన నోటితో తనే అంటాడు. నేను మేజోడు తీస్తాను, అంతే. నేనేమీ అననక్కర్లేదు. పిరికితనానికి ఇంత తెలివి ఎక్కడినుంచి వస్తుందో గాని, మిరేయ్‌కి ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

గురువారం ఒనొరే తల తడిపి దువ్వుకుని, పెళ్లిళ్లకి వేసుకునే కోటు వేసుకుని వచ్చాడు.

"నాకు పాఠం చెబుతావటే, దొంగపిల్లా?"

"పాఠమేం కాదు బాబాయ్, సరదాకి. ఇదిగో, రుచి చూసి ఉమ్మడానికి గిన్నె."

"ఉమ్మడమా! ఒకడు ఏడాదంతా నడుం విరగ్గొట్టుకుని చేసింది ఉమ్ముతానా? అది మీ పట్నం అలవాటు."

మొదటి మేజోడు సీసా తాగాడు, గుటక వేశాడు, "నది అవతలిది, ఇసుకనేల" అన్నాడు. సరిగ్గా చెప్పాడు. రెండోది తాగాడు, గుటక వేశాడు, "ఎండ ఎక్కువైంది పాపం" అన్నాడు. అదీ నిజమే. మదామ్ కొర్దియే నోటుపుస్తకంలో గబగబా రాసుకుంది. ఆవిడ పక్కన కూర్చున్న మజోర్ లబార్, సైన్యంలో నలభై ఏళ్లు గుర్రపుస్వారీ నేర్పి రిటైరైనవాడు, మెచ్చుకోలుగా మీసం దువ్వుకున్నాడు.

మూడో మేజోడు. మిరేయ్ పోస్తుంటే రెండు బొట్లు గుడ్డ మీద పడ్డాయి.

ఒనొరే గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చాడు. తల వెనక్కి లాక్కున్నాడు. ఒక చుక్క నోట్లో పోసుకుని, గిన్నె దగ్గరికి లాక్కుని ఉమ్మేశాడు.

"ఎవడే వీడు?" అన్నాడు. "గుర్రాలశాల! పీపాలు కడగడం రానివాడికి ద్రాక్షతోట ఎందుకు? బండి తోలుకోక!"

అమ్మయ్య! అనుకుంది మిరేయ్. మేజోడు మీద చెయ్యి వేసింది. లాగెయ్యడమే తరువాయి.

"క్షమించాలి ముస్యే" అంది మదామ్ కొర్దియే. గొంతు తియ్యగా ఉంది. "ఇది గుర్రాలశాల కాదు. అడవి."

"ఏమిటీ?"

"వాన వెలిసిన అడవి. తడి ఆకులు. పాత తోలు." ఆవిడ పుస్తకం చూడకుండానే అప్పగించింది. "మొదట్లో నాకూ తెలిసేది కాదులెండి. సాధన చేస్తే మీకూ వస్తుంది."

మిగతావాళ్లంతా తలలూపారు. ఎనిమిది ముక్కులు గ్లాసుల్లో, ఎనిమిది నోళ్లలో అడవి. ఒనొరేకి ఒళ్లు మండింది. మజోర్ వైపు తిరిగాడు.

"ఏమయ్యా మజోర్! జీవితమంతా గుర్రాల మధ్య బతికావు. పేడ వాసన నువ్వూ గుర్తుపట్టవా?"

"గుర్రాలశాల నాకు తెలియకపోవడమేమిటండీ!" అన్నాడు మజోర్ నొచ్చుకుంటూ. "కళ్లకి గంతలు కట్టి వదిలినా ఏ శాలలో ఉన్నానో చెబుతాను. ఇది ఖచ్చితంగా శరత్కాలం."

"ఈ కబుర్లు మీకు ఎవరు నేర్పారు?"

"మిరేయ్ మేడమే" అంది మదామ్ కొర్దియే గర్వంగా.

ఒనొరే మిరేయ్ వైపు తిరిగాడు. "నువ్వన్నావా ఇది అడవని?"

మిరేయ్ పరిస్థితి కక్కలేక మింగలేక అన్నట్టుంది. కక్కడానికి గిన్నె ఎదురుగానే ఉంది, అయినా మాట బయటికి రాలేదు. ఆ మౌనాన్ని ఆయన ఇంకోలా అర్థం చేసుకున్నాడు. గ్లాసు మళ్లీ ఎత్తి వాసన చూశాడు. ఎడమవైపు తిప్పి చూశాడు. కుడివైపు తిప్పి చూశాడు. ఆయన భుజాలు మెల్లగా కుంగిపోయాయి.

"అడవేనేమోలే" అన్నాడు నెమ్మదిగా. "నువ్వన్నావంటే అడవే. నీ ముక్కు నాకు తెలియదా? నాదే పోయినట్టుంది. డెబ్భై ఎనిమిది వచ్చాయి, పోక ఏం చేస్తుంది? కళ్లు పోయాయి, మోకాళ్లు పోయాయి, ఇదొక్కటే మిగిలిందనుకున్నా." గ్లాసు బల్ల మీద చప్పుడు కాకుండా పెట్టి, టోపీ కోసం చూసుకున్నాడు. "ఇంక నాకెందుకే ఈ గొడవ? ఈ పంట దించేసి, తోట ఎవరికైనా ఇచ్చేస్తా."

అప్పుడు సిగ్గేసింది మిరేయ్‌కి. ఇన్నాళ్లూ వేసింది సిగ్గు కాదు, భయం. ఇది సిగ్గు, చెవుల దాకా వేడెక్కించే సిగ్గు.

"మీ ముక్కుకి ఏమీ కాలేదు, బాబాయ్" అంది. "అది గుర్రాలశాలే. అడవి నేను కల్పించింది."



"మరి నా నోట్సో?" అంది మదామ్ కొర్దియే.

మిరేయ్ మేజోడు లాగేసింది. ఒనొరే జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని, సీసా మీద చీటీ చదివాడు. పరాయివాడి పేరు చదివినట్టు, కూడబలుక్కుంటూ, తన పేరు తనే చదువుకున్నాడు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"మే నుంచి."

ఆయన వేళ్లు మడిచాడు. మే, జూన్, జూలై. అక్టోబరు దాకా వచ్చి ఆగాడు.

"మీరు అలా టోపీ తీసి నిలబడితే నాకు నోరు రాలేదు, బాబాయ్."

"ఊరందరికీ అడవి అని చాటడానికి వచ్చింది కదే నోరు."

"మేడమ్, నేను పద్దెనిమిది సీసాలు కొన్నాను!" అంది మదామ్ కొర్దియే, ఇక పట్టలేక.

"మీవి పద్దెనిమిదేనమ్మా" అన్నాడు ఒనొరే. "నావి మూడు వేలు."

టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. నాలుగో మేజోడు ఆ రోజు ఎవరూ విప్పలేదు.

శుక్రవారమంతా మిరేయ్ ఫోన్ పక్కనే కూర్చుంది. సాయంత్రానికి మోగింది. "రేపు పొద్దున ఎనిమిదింటికి రా" అన్నాడు ఒనొరే. "ఏ పీపా చెడిందో, ఏది బాగుందో తేల్చాలి. గుహలో నా ముక్కు పనిచెయ్యదు. నీది తెచ్చుకో." పెట్టేశాడు. పిలిచాడు కదా, అదే పదివేలు అనుకుంది మిరేయ్. పిలిచాడంటే క్షమించినట్టే కదా!

శనివారం గుహలో పన్నెండు ఖాళీ పీపాలు రాతిగోడ వెంబడి బారుగా ఉన్నాయి. ఒనొరే చేతిలో సుద్దముక్క. ఒక్కొక్క పీపా బిరడా తీస్తాడు, ఆమె వంగి ఆ కన్నంలో ముక్కు పెడుతుంది. బయటికి వెళ్లి ద్రాక్షతీగల మధ్య రెండు నిమిషాలు చల్లగాలి పీల్చుకుని, మళ్లీ వచ్చి తర్వాతది.

"గుర్రాలశాల" అంది మొదటిదానికి. చెప్పడం ఇంత తేలికని ఆమెకి తెలియదు. ఒనొరే సుద్దతో ఇంటూ గుర్తు పెట్టాడు. రెండోది గుర్రాలశాల. మూడోది గుర్రాలశాల. ఆమె ఒక్కదాన్నీ దాచలేదు, ఒక్కదాన్నీ తియ్యని మాటల్లో చుట్టలేదు. ఎనిమిదింటికి ఎనిమిది ఇంటూలు పడ్డాయి. ముసలాయన మొహం రాతిగోడ రంగుకి తిరిగింది. ఇంక పంట పొయ్యడానికి నాలుగే పీపాలు మిగిలాయి.

తొమ్మిదోదాని మీద వంగి మిరేయ్ ఊపిరి పీల్చింది. ఆగింది. మళ్లీ పీల్చింది. చెక్క వాసన, ఖాళీ పీపా పాడవకుండా కాల్చిన గంధకం వాసన కొంచెం, అంతే. నమ్మలేక బయటికి వెళ్లి, గాలి పీల్చుకుని వచ్చి ఇంకోసారి చూసింది. గుండె ఎగిరి గంతేసింది.

"ఇది బాగుంది, బాబాయ్!"

"బాగుందా?"

"శుభ్రంగా ఉంది. ఒట్టు."

ఒనొరే ఆమె మొహంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నమ్మకమూ లేదు. తర్వాత వంగి, ఆ పీపా మీద కూడా ఇంటూ గుర్తు పెట్టాడు.

"పద, తర్వాతది చూడు" అన్నాడు.