కొండవైపు గేటు

అన్సెల్మో మాంసం ముక్క కోసుకుంటూ కిటికీలోంచి దుమ్ము చూశాడు. సాంతాక్రూజ్ మైదానంలో గాలి లేపే దుమ్ముకు దారీతెన్నూ ఉండదు. ఇది తిన్నగా ఇటే వస్తోంది. కారే.

నూరేళ్ళు దాటిన ఆ గొర్రెల ఎస్టేటులో నలభై ఒక్క ఏళ్ళుగా అతని పని ఒకటే: గుర్రమెక్కి కంచె వెంట తిరగడం, తెగిన తీగను ముడివేయడం. అరచేతులు జీను తోలులా గట్టిపడ్డాయి. ఎడమ బొటనవేలికి గోరు లేదు. యజమానులకు ఉన్నదంతా ఉన్నే. ఉన్ని ధర పడిపోయాక ఉన్నదీ లేనట్టే అయింది. అమ్మేస్తారని గాలికబురు. ఆ ప్రాంతంలో గాలికి కొదవా! అమ్మితే, కొత్తవాళ్ళకు అరవై తొమ్మిదేళ్ళ కాపరి ఎందుకు? ఈ రేకుల గుడిసె తప్ప అతనికి మరో గడప లేదు.

యజమాని కూతురు ఎలీసా, ఆమెతో ఫెర్మీన్ అనే పట్నం మనిషి దిగారు. పాత ఎస్టేటు చూడ్డానికొచ్చాడని చెప్పింది ఎలీసా. చూడ్డానికి కళ్ళు చాలు, టేపు దేనికి? తెల్ల బూట్లతో ఫెర్మీన్ ఒక్కడే నీటితొట్టి దాకా నడిచి వచ్చి, ఉన్ని కత్తిరించే కొట్టం తలుపును నిలువునా అడ్డంగా కొలిచాడు.

అన్సెల్మో టీలా తాగే మాతె ఆకు సొరబుర్రలో వేసి, వేడినీళ్ళు పోసి, పీల్చే గొట్టం గుచ్చి వంతులవారీగా అందించాడు. అతిథి వంతుకు కావాలనే చల్లారిన నీళ్ళు పోశాడు. అక్కడ దానర్థం ఇక దయచేయమని. ఫెర్మీన్ గొట్టం చివరిదాకా పీల్చి, బావుందన్నాడు. అవమానాన్ని ఇంత రుచిగా తాగాడంటే కొనేవాడే అయ్యుండాలి.

"తలుపొక్కటేనా బాబూ, నన్ను కూడా కలిపి కొంటున్నావా?"

ఫెర్మీన్ తెల్లబోయాడు. "ఇది మా తాత చేసిన తలుపు, తాతా. కొలతలు తీసుకుంటే ఇంటి దగ్గర ఇలాంటిదే చేసుకుందామని."

"నిన్నెవరు కొంటారు మామా, దాణా దండగ," అంది ఎలీసా. "అమ్మడం లేదు. నాన్న నిన్ననే తేల్చి చెప్పాడు."

అన్సెల్మో కెటిల్ మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. ఈసారి బుర్రలోంచి పొగలు లేచాయి.

సంతోషంలో ఫెర్మీన్ ఇంకో మాట చెప్పాడు. ఇందాక కొండవైపు గేటు తెరిచి ఉంటే, ఎవరో మరిచిపోయారనుకుని వేసేశాడట.

గేటు ఎలా కనిపిస్తే అలాగే వదలాలి, అక్కడ పసిపిల్లలకైనా తెలుసు. మధ్యాహ్నం మూడువందల గొర్రెలు ఆ గేటులోంచే నీళ్ళకు దిగుతాయి. ఎలీసా నోరు తెరవబోతుంటే అన్సెల్మో కళ్ళతోనే వారించాడు. చల్లటి మాతె పోసినవాడికి కోప్పడే హక్కు ఎక్కడిది?

"మంచికే చేశావులే బాబూ," అన్నాడు.

ఎలీసా కారులో వెళ్దామంది. కారుకు గొర్రెలు బెదురుతాయంటూ అతను ఎర్రటి నేత నడికట్టు బిగించుకుని ఎదురుగాలిలో గుర్రమెక్కాడు.

పొద్దు వాలేసరికి గుర్రం ఒంటరిగా తిరిగొచ్చింది. ఎలీసా, ఫెర్మీన్ వెళ్ళేటప్పటికి గొర్రెలన్నీ తొట్టి చుట్టూ తృప్తిగా నిలబడి ఉన్నాయి. అన్సెల్మో గేటు స్తంభానికి చేరగిలబడి వాటినే చూస్తున్నట్టు కూర్చున్నాడు. ఫెర్మీన్ రెండుసార్లు పిలిచాడు. ఎలీసా మోకాళ్ళ మీద కూర్చుని అతని కళ్ళు మూసింది.

ఆ తర్వాత ఆ దారిన పోయినవాళ్ళెవరూ ఆ గేటు వేయలేదు. ఎలా కనిపించిందో అలాగే వదిలారు. గాలికి మూసుకోకుండా దాన్ని స్తంభానికి కట్టి ఉంచింది అతని ఎర్రటి నేత నడికట్టు, కంచె తీగకు వేసే ముడితోనే.