తేమ మీటరు డెబ్బై ఒకటి

వెలిమిర్‌ది ఊరందరి ఇళ్ళలో నీళ్ళ మీటర్లు చదివే ఉద్యోగం. ఎవరి గోడలో గొట్టం కారుతోందో గుమ్మంలో నిలబడి చెప్పేస్తాడని పేరు. అంతటివాడు సొంత ఇంట్లో ఒక ఇనప బీరువాలోకి చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో తెలియక అక్టోబరు నుంచి జుట్టు పీక్కుంటున్నాడు. డిసెంబరు నడుస్తోంది. పీక్కోవడానికి జుట్టు కూడా పెద్దగా మిగల్లేదు.

బీరువాలో ఉన్నది వాళ్ళ నాన్న రాదోయె వాడిన జోడు గొట్టాల తుపాకీ. మార్చిలో పోతూ పోతూ ఆ ముసలాయన కొడుకులిద్దరినీ మంచం పక్కన నిలబెట్టి తీర్పు చెప్పేశాడు. "నలభై ఏళ్ళు నా చేతిలో దీనికి ఒక్క మచ్చ పడలేదు. చిన్నాడి దగ్గర ఉండనీ. నికోలా పండగ నాడు పెద్దాడు వచ్చి చూస్తాడు. తుప్పు కనబడిందా, తుపాకీ పెద్దాడిది." ఆ ఇంటి ఇలవేల్పు సెయింట్ నికోలా. డిసెంబరు పంతొమ్మిదిన ఆయన పండుగ. బెల్‌గ్రేడ్‌లో ఉండే అన్న ఓబ్రాద్ ఆ రోజు తప్పకుండా వస్తాడు. తండ్రితో పాటు పొలాల వెంట కుందేళ్ళ కోసం తిరిగింది వెలిమిర్, మంచు పడ్డ రోజున ఆ తుపాకీ మోసింది వెలిమిర్. ఎనిమిదో అంతస్తు ఫ్లాటులో కూర్చునే అన్నకి అది పోతుందంటే వాడికి అన్నం దిగడం లేదు.

తండ్రి దాన్ని బట్టల అల్మారాలో పెట్టుకునేవాడు. ఇప్పుడు చట్టం అలా ఒప్పుకోదు. వెలిమిర్ సెప్టెంబరులో ఇనప బీరువా కొన్నాడు. వంటింటి వెనక చిన్న గదిలో గోడకి బోల్టులు దిగ్గొట్టాడు. పోలీసాయన వచ్చి చూసి తల ఊపి వెళ్ళాడు. తాళంచెవి ఎవరికీ తెలియకూడదని నికోలా పటం వెనక దాచాడు. పై అరలో, తండ్రి చివరిసారి వేటకి పెట్టుకున్న టోపీని ఆయన పెట్టినట్టే బోర్లించి ఉంచాడు. ఆ తర్వాత మళ్ళీ దాన్ని ముట్టుకోవడానికి మాత్రం వాడికి చెయ్యి రాలేదు.

అక్టోబరు రెండో వారంలో గొట్టం మీద గోధుమరంగు చుక్క కనబడింది. తుడిచాడు. నాలుగు రోజులకి మళ్ళీ వచ్చింది. తేమ మీటరు కొనుక్కొచ్చి లోపల తగిలించాడు. యాభై దాటకూడదని దాని మీద రాసి ఉంది. ముల్లు డెబ్బై ఒకటి దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

అక్కడినుంచి మొదలైంది ఇంట్లో గోల. కొత్త చెప్పుల డబ్బాల్లో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు కిలోల లెక్కన తెచ్చాడు. అవి చెమ్మ పీల్చాక మళ్ళీ ఎండబెట్టాలి కదా, అందుకు భార్య దెసాంకా రొట్టెలు కాల్చే పొయ్యి కావాలి. ఆదివారం ఆమె గుమ్మడికాయ పిండివంట లోపల పెట్టబోతే పొయ్యి నిండా పొట్లాలు.

"ఇదేమన్నా వంటా? మీ అమ్మకి వడ్డించనా?" అంది దెసాంకా.

"ఒక్క గంట ఆగవే!"

"ఇరవై ఆరేళ్ళుగా ఆగుతూనే ఉన్నా వెల్యా."

పాత మేజోళ్ళలో బియ్యం పోసి వేలాడదీశాడు. తలుపు అంచులకి రబ్బరు పట్టీ అంటించాడు. చివరికి బీరువాకి చిల్లు పొడిచి వేడి కడ్డీ పెట్టాడు. ముల్లు డెబ్బై నాలుగుకి ఎక్కింది. వేడి పెడితే చెమ్మ పెరగడమేమిటి? ఆ రోజు వాడు మీటరుని అరచేత్తో కొట్టాడు. పాపం అది ఉన్నమాటే చెప్పింది.

నవంబరు మొదట్లో దెసాంకా ఏటా పెట్టినట్టే క్యాబేజీ పీపా పెట్టింది. ఉప్పునీళ్ళలో ఊరే నలభై క్యాబేజీలు, పైన బరువుకి బండరాయి. ఆ పీపా ఉండేది ఆ చిన్న గదిలోనే. వెలిమిర్‌కి దొంగ దొరికాడు.

"ఉప్పు నీళ్ళు! పక్కనే ఉప్పు నీళ్ళు పెట్టుకుని నేను తుప్పెక్కడిదని ఏడుస్తున్నా. తీసెయ్ దీన్ని!"

"తుప్పొచ్చింది అక్టోబరులో. పీపా పెట్టింది నవంబరులో. నా పీపా ముందు తుప్పు పట్టించి తర్వాత పుట్టిందా?"

"నాకు లెక్కలు చెప్పకు!"

"లెక్కలు చూసే ఉద్యోగం నీదే కదా. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, నీ తుపాకీ మీద కోపం నా పీపా మీదా?"

వాడు వినలేదు. పీపాని ఈడ్చుకెళ్ళి పెరట్లో కట్టెల పాక కింద పడేశాడు. డిసెంబరు చలికి ఉప్పునీళ్ళ మీద కూడా మంచు పలక కట్టింది. పండుగకి అన్నం, అక్రోటు గింజలు చుట్టడానికి ఆకులు కావాలంటే దెసాంకా సుత్తి పట్టుకుని పాకలోకి వెళ్ళాల్సి వచ్చింది. ఎర్రబడ్డ వేళ్ళతో తిరిగొచ్చేది. మాట్లాడేది కాదు. ఆమె తిడితే వెలిమిర్ తట్టుకోగలడు కానీ ఆ మౌనాన్ని తట్టుకోలేడు. అందుకని ఇంకా గట్టిగా అరిచేవాడు.

ముసలి తల్లి స్తానా ఈ గొడవలో తలదూర్చలేదు. ఉదయాన్నే నికోలా పటం తుడిచి దీపం వెలిగించడం, దున్యా పళ్ళు సర్దుకోవడం, అంతే ఆమె లోకం. దున్యా అంటే బొప్పి కట్టిన యాపిల్‌లా ఉండే పసుప్పచ్చ పండు. పచ్చిగా తింటే నోరు వగరెక్కి ముడుచుకుంటుంది కానీ వాసన మాత్రం స్వర్గం. అక్టోబరు వస్తే ప్రతి ఇంట్లోనూ అల్మారాల మీద, దుప్పట్ల మధ్య వాటిని పేరుస్తారు. చలికాలమంతా ఇల్లు ఆ వాసనలో ఉంటుంది. ఉంటున్నవాళ్ళకి తెలియనే తెలియదు.

పండుగ రోజు పొద్దున్నే చర్చి ఫాదర్ వచ్చి పండుగ రొట్టె కోసి, ప్రార్థన చదివి వెళ్ళాడు. మధ్యాహ్నం ఓబ్రాద్ దిగాడు. తల్లిని ముద్దుపెట్టుకుని, గ్లాసుడు పళ్ళసారా, అదే రాకియా, గొంతులో పోసుకుని, కోటు కూడా విప్పకుండా చేతులు రుద్దుకున్నాడు.

"ఏరా తమ్ముడూ, పెళ్ళికూతుర్ని చూపిస్తావా?"

ముందు రోజు సాయంత్రం వెలిమిర్ గొట్టాలని అద్దంలా తుడిచి నూనె రాశాడు. పటం వెనకనుంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు. దెసాంకా గుమ్మంలో నిలబడింది.

ఓబ్రాద్ తుపాకీ అందుకోలేదు. తల లోపలికి పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ... నాన్న వాసన!"

"ఏం వాసన? నూనె వాసన."

"నీ ముక్కుకేమైందిరా? దున్యా! గుప్పుమంటోంది!"

వెలిమిర్ ఆపేలోపే ఓబ్రాద్ పై అరలో టోపీ ఎత్తేశాడు. దాని కింద, కోడి కింద గుడ్లలా నాలుగు దున్యా పళ్ళు. పక్కన సందులోకి జారిపోయిన ఒక పాత పండు, ముడతలు పడి, సగం కుళ్ళి, నీరు కారుతూ.

వెలిమిర్ ఆ కుళ్ళిన పండుని రెండు వేళ్ళతో పైకి తీశాడు. రెండు నెలల పైన, అన్ని పొట్లాలు, బియ్యం, రబ్బరు, బీరువాకి తూటు. తను వేడి కడ్డీ పెట్టి ఆరబెట్టింది పళ్ళని. ఆ పళ్ళు వదిలిన చెమ్మ తుపాకీ మీద చేరింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికావన్నమాట," అన్నాడు ఓబ్రాద్ పగలబడి నవ్వుతూ.

"ఎవరు పెట్టారివి?"

"నేనే నాయనా," అంది స్తానా వెనకనుంచి. "పదిహేను రోజులకోసారి మారుస్తున్నా. ఇవాళ పండగని పొద్దున్నే కొత్తవి పెట్టా. అల్మారాలో ఉన్నప్పుడూ నేనే పెట్టేదాన్ని."

"తాళంచెవి నీకెలా తెలుసు?"

"రోజూ పటం తుడిచేది ఎవరురా? అల్మారా తాళంచెవి మీ నాన్నా అక్కడే దాచేవాడు."

"అమ్మా, నేను అరుస్తుంటే వింటూనే ఉన్నావు కదే! ఒక్క మాట చెప్పొద్దూ?"

"నువ్వు పీపా అన్నావు. పళ్ళని ఎప్పుడన్నావు?" అని, గొంతు తగ్గించి, "ఆ వాసన లేకపోతే అది ఉట్టి ఇనుమురా. ఆయన తుపాకీలా అనిపించదు నాకు," అంది.

ఓబ్రాద్ నవ్వు ఆపి తుపాకీ తీశాడు. జేబురుమాలు మూలని పురి పెట్టి, వెలిమిర్ గుడ్డ ఎప్పుడూ దూరని చోట, రెండు గొట్టాలూ కలిసే సన్నటి సందులో లాగాడు. రుమాలు గోధుమరంగుకి తిరిగింది. వెలిమిర్ బీరువాకి చేరగిలబడ్డాడు. అంతా అయిపోయిందనుకున్నాడు.

స్తానా ఆ రుమాలు చేతిలోకి తీసుకుని చూసింది.

"ఇంతేనా? మీ నాన్నకి ఇంతకంటే ఎక్కువ వచ్చేది."

కొడుకులిద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ప్రతి శనివారం మిమ్మల్ని సంతకి పంపి, తలుపేసుకుని, బాతు ఈక నూనెలో ముంచి ఆ సందులో తుడిచేవాడు. నలభై ఏళ్ళు. ఒక్క శనివారం మానలేదు. పళ్ళు వద్దని నన్నొక్క మాట అన్లేదు. మీ ముందు మాత్రం మచ్చే పడలేదని కోతలు."

ఓబ్రాద్ తుపాకీని తిరిగి బీరువాలో పెట్టాడు. "అయితే ఆయన తీర్పు ప్రకారం ఇది ఆయన దగ్గర కూడా ఉండాల్సింది కాదు," అన్నాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకుని, టోపీ కిందనుంచి మంచి పండొకటి తీసుకున్నాడు. "తుపాకీ నువ్వే ఉంచుకోరా. శనివారాలు నావల్ల కాదు. నాకీ పండు చాలు. మా ఫ్లాటులో ఏ వాసనా ఉండదు."

వెలిమిర్‌కి ఏడుపొచ్చింది. అన్న ముందు ఏడవడం ఇష్టం లేక పెరట్లోకి నడిచాడు. కట్టెల పాకలో పీపా మంచు పట్టి నిలబడి ఉంది. పక్కన సుత్తి. వాడు దాన్ని వాటేసుకుని ఒక్కొక్క అడుగే ఈడ్చుకుంటూ, మెట్ల మీద సగం ఉప్పునీళ్ళు పండుగ చొక్కా మీద ఒలకబోసుకుంటూ చిన్న గదిలోకి తెచ్చాడు. బీరువా పక్కన, పాత చోటే పెట్టాడు. దెసాంకా అంతసేపూ తలుపు పట్టుకుని నిలబడిందే తప్ప సాయం పట్టలేదు.

"తప్పు నాదే దెసాంకా," అన్నాడు రొప్పుతూ. ఇరవై ఆరేళ్ళలో ఆ ఇంట్లో ఆ మాట వాడి నోట రావడం అదే మొదలు.

ఆమె వాడి చేతుల వైపు చూసింది.

"ముందు చేతులు కడుక్కో. ఆ ఉప్పు చేతుల్తో తుపాకీ ముట్టుకునేవు."