ఉల్లికాడ లెక్క

గుడ్ ఫ్రైడేకి ముందు వచ్చే గురువారం. ఎర్మిన్ వంటింటి తొట్టిలో ఆకుకూరలు మూడోసారి కడుగుతోంది. పెరట్లో పండిన ఆకుని న్యూ ఆర్లియన్స్ మట్టి అంత తేలిగ్గా వదలదు. ఆవకూర, ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు, క్యాబేజీ, పాలకూర, పార్స్లీ, క్యారెట్ ఆకు. మొత్తం ఏడు. పొయ్యి మీద నూనెలో పిండి ఎర్రగా వేగుతోంది. పక్క గిన్నెలో పంది మాంసం, సాసేజీలు ఉడుకుతున్నాయి. మర్నాడు ఎలాగూ ఉపవాసమే కాబట్టి ఈ రోజు గంబో అనే ఈ చిక్కటి పులుసులో ఎవరూ దేనికీ వెనకాడరు.

ఆకుల గంబోలో ఎన్ని రకాల ఆకులు పడితే ఆ ఏడాది అంతమంది కొత్త స్నేహితులు వస్తారని ఊళ్ళో అందరూ అంటారు. ఎర్మిన్ ఇంట్లో మాత్రం నిజంగానే వస్తారు. పోయినేడు పార్స్లీకి కరెంటు మీటరు చూసే ఆయన వచ్చాడు. గుమ్మంలో నిలబడగానే గుప్పుమని పార్స్లీ వాసన. ఎర్మిన్ మారుమాట లేకుండా కుర్చీ చూపించింది. అప్పట్నుంచీ ఆదివారాలు ఆయన భోజనం ఇక్కడే. గంబో రప్పించినవాళ్ళు మళ్ళీ పోరు, మర్చిపోరు. లెక్క మాత్రం బేసిగా ఉండాలి. సరి అయితే వచ్చినవాళ్ళు వాళ్ళలో వాళ్ళే జంటలు కట్టేసి ఇంటివాళ్ళని పట్టించుకోరు.

ఈసారి ఎర్మిన్‌కి కొత్తవాళ్ళ మీద మనసు లేదు. ఉన్న ఒక్కడూ పోతున్నాడు. ఆల్సీడ్, నలభై ఒక్కేళ్ళుగా ఆవిడ మొగుడు, మొన్న చలికాలంలో ఆవిడ మొహం మర్చిపోయాడు. అక్క గుర్తుంది, ఎదురింటి కుక్క గుర్తుంది, ఈవిడొక్కతే లేదు. ఎవరో ఆడమనిషి ఇంట్లో జొరబడిందని పోలీసులకి రెండుసార్లు ఫోన్ చేశాడు. ఆవిడ వడ్డిస్తే ముట్టడు. అక్క ఒడీల్ రెండుపూటలా వచ్చి తినిపించి వెళ్తోంది. ఆవిడకీ డెబ్బై రెండొచ్చాయి, ఎన్నాళ్ళని తిరుగుతుంది? ఈస్టరు వెళ్ళిన సోమవారం తమ్ముడి కోసం బండి పంపమని వృద్ధాశ్రమం వాళ్ళతో మాట్లాడేసింది. పాతవాళ్ళని వెనక్కి తేవడం గంబో పని కాదని ఎర్మిన్‌కి తెలుసు. అందుకే దాన్ని ఏమీ కోరుకోలేదు.

"ఎన్ని?" అంది ఒడీల్, లోపలికి వస్తూనే, టోపీ అయినా తీయకుండా.

"ఏడు, వదినా."

"ఉల్లికాడలు తరిగావుగా. ఎనిమిది."

"ఉల్లికాడ ఆకు కాదు. రుచికి వేసేది."

ఈ తగువు ముప్పై ఏళ్ళ నాటిది. ఒకసారి చర్చి ఫాదరుగారి దాకా వెళ్ళింది. ఆయన రెండు గిన్నెలు తిని, తీర్పు చెప్పకుండా లేచి వెళ్ళిపోయాడు.

"పచ్చగా ఉంది, నేలలోంచి వచ్చింది, కోశావు, కడిగావు. ఇంకేం చేస్తే ఆకవుతుందే అది?" అంటూ ఒడీల్ పెరట్లోకి నడిచింది. గుప్పెడు చుక్కకూర తుంపుకొచ్చి అడక్కుండానే గంబోలో పడేసింది. "ఇప్పుడు తొమ్మిది."

"నా లెక్కన ఎనిమిది. శుభ్రంగా ఏడుంటే చెడగొట్టారు."

"అయితే నా లెక్కకి రా."

వేరే ఏ ఏడాదైనా అయితే ఎర్మిన్ పరిగెత్తుకెళ్ళి మరో ఆకు తెచ్చి పడేసేదే. ఆ రోజు ఓపిక లేకపోయింది.

"సరే వదినా. ఉల్లికాడా ఆకే," అంది, తరిగిన కాడలన్నీ రెండు చేతులా ఎత్తి గిన్నెలో వేస్తూ.

గెలిచినందుకు ఒడీల్ సంబరపడలేదు. మరదలు అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి ఆవిడకి దిగులేసింది.

మధ్యాహ్నం మీటరాయనా, ఇంకో ఇద్దరు ముగ్గురూ వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒడీల్ తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గంబో వడ్డించింది. ఆల్సీడ్ నాలుగు చెంచాలు తిన్నాడు. అప్పుడే ఎర్మిన్ అన్నం గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. ఆయన తలెత్తి ఆవిణ్ణి చూసి చెంచా కింద పెట్టాడు. మొన్నొకసారి ఇలాగే చూసి గ్లాసు విసిరాడు కాబట్టి అందరి చెంచాలూ ఆగాయి.

ఆల్సీడ్ గాలి పీల్చి, లేచి నిలబడ్డాడు.

"రండి, రండి. మీ దగ్గర ఉల్లికాడల వాసన వేస్తోంది. మా ఇంటికి కొత్తా?"

ఎర్మిన్ అన్నం గిన్నె బల్ల మీద పెట్టింది. "కొత్తేనండీ," అంది.

"నిలబడ్డారేం మరి?" ఆయన కుర్చీ లాగాడు. మీటరాయన చోటిచ్చి పక్కకి జరిగాడు. తను వచ్చిందీ ఇలాగే కదా. ఒడీల్ తన గిన్నెలోకి చూసుకుంటూ, "సోమవారం బండి అక్కర్లేదని చెప్పేస్తాను," అని, తినడం మొదలుపెట్టింది.

ఎర్మిన్ అన్నం వడ్డించింది. ఆల్సీడ్ కలుపుకుని తిన్నాడు. గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాడు.

"మీ పేరేమిటన్నారు?"

"ఎర్మిన్."

"చిత్రంగా ఉందే. మా ఆవిడ పేరూ అదే. ఎక్కడికెళ్ళిందో, ఇంకా రాలేదు. ఉంటే మీ ఇద్దరికీ బాగా కుదిరేది."

ఆ మొగుడు ఇక తిరిగి రాడని ఎర్మిన్‌కి అప్పుడు పూర్తిగా తెలిసింది. ఎదురుగా కూర్చున్న ఈ మనిషి తనని వదిలి పోడని కూడా తెలిసింది. ఆ సంతోషం తక్కువదేమీ కాదు. కళ్ళు తుడుచుకుని ఆయనకి ఇంకాస్త గంబో వేసింది.

"ఎలాంటిదండీ ఆవిడ?"

"మొండిది. మొదటిసారి కలిసి డాన్సు చేసినప్పుడు నా కాలు గట్టిగా తొక్కి, నేనే అడ్డం పెట్టానని ఊరంతా చెప్పింది. ఇప్పటికీ అదే మాట మీద ఉంది."

"తప్పు ఆవిడదే," అంది ఎర్మిన్.

"నాకు తెలుసు," అన్నాడు ఆల్సీడ్, ముందుకి వంగి, గొంతు తగ్గించి. "మీరు మాత్రం ఆవిడతో అనకండి."