పదో దెబ్బ

నేను ఒక పచ్చడిబండను. చింతకర్ర ఒళ్లు, మూరెడు పొడుగు. సాలూరులో నూకరత్నం నన్ను కొన్నది గోంగూర నూరడానికి. ఆవిడ మొగుడు పైడిరాజు పది టైర్ల లారీ నడుపుతాడు. టైర్లు కొట్టి చూసే ఇనపకడ్డీని ఎక్కడో పారేసుకుని, ఒక ఉదయం వంటింట్లోకి వచ్చి నన్ను చంకన పెట్టుకుపోయాడు. మగవాళ్లకు వంటింట్లో వస్తువు కనబడటమే అరుదు. కనబడితే అది బయటికే పోతుంది.

కొత్త ఉద్యోగం తేలికే. గాలి నిండుగా ఉన్న టైరు ఠంగుమని నన్ను వెనక్కి నెడుతుంది. దిగిపోయినది దబ్బుమని ఊరుకుంటుంది. ఎంత గాలి ఉందో చెప్పాలంటే మీటరు కావాలి. ఎవరు నీరసించారో చెప్పడానికి నేను చాలు. చిక్కల్లా వెనక జంట టైర్లతోనే. బయటిది నలుగురికీ కనబడుతుంది, దసరాకు పసుపు, బొట్టు పెట్టించుకుంటుంది. లోపలిదాన్ని చూడాలంటే నడుం వంచాలి. అది చతికిలబడినా పక్కది ఇద్దరి బరువూ మోస్తూ ఏమీ జరగనట్టే నిలబడుతుంది. ఇలాంటి కాపురాల గురించి రోటి దగ్గర చాలా విన్నాను.

ఒకసారి నూకరత్నం కొరాపుట్‌లో చెల్లెల్ని చూసి, మొగుడి లారీలోనే తిరిగొస్తోంది. వెనక నీలగిరి దుంగల లోడు. ఘాటీ దిగే ముందు టీ కొట్టు దగ్గర ఆపి, పైడిరాజు నన్ను పట్టుకుని లారీ చుట్టూ తిరిగొచ్చాడు. ఆవిడ కేబిన్‌లో కూర్చుని తమలపాకుకు సున్నం రాస్తోంది.

"తొమ్మిదే ఇనబడ్డాయి," అంది తల ఎత్తకుండా.

"ఏటి తొమ్మిది?"

"దెబ్బలు. కుక్కరు కూతలు లెక్కెట్టేదాన్ని, ఇవి లెక్కెట్టలేనేటి? టైర్లు పది కదా."

"ఆ మూల లోపల్దంతా బురదే. పొద్దున్న బాగానే ఉంది. నాలుగ్గంటలకి మిల్లు గేటు మూసీస్తారే."

ఆవిడ దిగొచ్చి, కుచ్చిళ్లు దోపుకుని, నన్ను లాక్కుని, వంగి లోపలికి చెయ్యి చాచి కొట్టింది. నానబెట్టిన కందిపప్పు మీద పడ్డట్టయింది నాకు. బయటి టైరు మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. పెనంలా కాలుతోంది.

"కొండ కిందే పంచరోడున్నాడు. మెల్లిగా దిగిపోదుం," అన్నాడు పైడిరాజు.

"నువ్వు మెల్లిగా రా. నాను నడిసెల్తాను," అని సంచి భుజాన వేసుకుని రోడ్డెక్కింది. "ఇదీ పేలిపోతే నీ దుంగలే మనకంటే ముందు సాలూరు సేరతాయి."

టీ తాగుతున్న ఇద్దరు డ్రైవర్లు గ్లాసుల్లోకి నవ్వుకున్నారు. పైడిరాజుకు చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ వీపు వైపు చూసి, లారీలోంచి జాకీ తీశాడు. లోపలిది తీయాలంటే ముందు బయటిది విప్పాలి. నవ్విన పాపానికి ఆ ఇద్దరూ కూడా చెయ్యి వేయాల్సి వచ్చింది. లోపలి టైరులో వేలెడు మేకు. దాని చోట స్పేరు టైరు ఎక్కించారు. బయటిది చల్లారాక ఎక్కడా ఉబ్బు లేదని తడిమి చూసి బిగించారు. మిల్లు గేటు సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఘాటీ ఎక్కేటప్పుడు వేసే చిన్న గేరులోనే దిగాడు పైడిరాజు, బ్రేకు మీద కాలు పెట్టి కూర్చోకుండా. మొదటి మలుపులో రాతి మీద కూర్చుని ఉన్న నూకరత్నం లారీ ఎక్కి, మూడో మలుపు దాటేసరికి నిద్రపోయింది. లోడు లారీ కొండ దిగుతుంటే పక్కన పెళ్లాం గుర్రు పెట్టడం కంటే డ్రైవరుకు పెద్ద సర్టిఫికెట్టు లేదు. అతనికీ ఆ సంగతి తెలిసినట్టుంది. ఆవిడ తల తలుపుకు తగలకుండా మలుపు మలుపుకూ ఇంకాస్త నెమ్మదించాడు. సీటు కింద ఉన్న నేను సాలూరు దాకా ఒక్కసారి కూడా దొర్లలేదు.